పెట్టె పడలేదు, నేలే లేచింది

సర్కారు మందుల గోదాములో ముప్పై ఒక్క ఏళ్ళు కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి నేను. నా కాటా ఏనాడూ ఒక గ్రాము ఎక్కువ చూపలేదు, ఒక గ్రాము తక్కువ చూపలేదు. నా నోరూ అలాంటిదే. కాబట్టి ఈ కథలో జరిగింది జరిగినట్టు తూచి పెడుతున్నాను. నమ్మకపోతే ఆ నష్టం మీదే.

ఆ వేసవి చివర్లో సరఫరాల మంత్రిగారు పత్రికలవాళ్ళని పిలిపించి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, ఒక చారిత్రాత్మక ప్రకటన చేశారు.

"కొండమీది ఆస్పత్రికి పన్నెండు డ్రోన్లు పంపుతున్నాం. డ్రోన్లు ఎవరైనా పంపుతారు. కానీ ఆ డ్రోన్లు వెళ్ళే పెట్టె ఉంది చూశారూ, అలాంటి పెట్టెని ప్రపంచం ఇంతవరకూ చూడలేదు. దాని మీద ఐక్యరాజ్యసమితి ముద్ర ఉంటుంది!"

చప్పట్లు మోగాయి. ముద్ర అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగినా మంత్రిగారికి తెలియదు. పొద్దున కారులో పీఏగారు చదివి వినిపించిన కాగితంలో ఆ మాట ఉంది, చెవికి ఘనంగా తగిలింది, అంతే. మర్నాడు పేపర్లో 'మంత్రిగారి పెట్టెకు ఐక్యరాజ్యసమితి గుర్తింపు' అని పడింది. సాయంత్రం పేపరుకి వచ్చేసరికి పెట్టె ఎక్కడో జారిపోయి 'మంత్రిగారికి గుర్తింపు' మాత్రం మిగిలింది.

ఇంతకీ ఆ కాగితం రాసి పంపింది పెట్టెలక్క.

పెట్టెలక్క అంటే మా గోదాములో ప్యాకింగ్ సెక్షన్‌కి పెద్ద. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేతుల మీదుగా వెళ్ళిన సీసా ఒక్కటి పగల్లేదు. అట్టపెట్టెని వేలి కణుపుతో టకటకమని కొట్టి, లోపల ఎన్ని పొరలున్నాయో, ఏ పొర చెమ్మ పట్టిందో చెప్పేస్తుంది. డైరెక్టరు మొదలుకుని లారీ డ్రైవరు దాకా అందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారు. కట్టుకున్న మొగుడు కూడా ఓసారి పదిమందిలో అలవాటుగా అక్కా అనబోయి నాలిక్కరుచుకున్నాడు.

ఆ కొండమీది ఆస్పత్రిలో నర్సు పెట్టెలక్క సొంత చెల్లెలు. వంతెన కొట్టుకుపోయి ఏడాదైంది. ఆస్పత్రికి ఒక్కటే దారి, వారానికోసారి గురువారం నాడు గడ్డి మైదానంలో దిగే బుల్లి సరుకుల విమానం. వానలు మొదలైతే అదీ నాలుగు నెలలు బంద్. ఇంకా మూడు గురువారాలే ఉన్నాయి.

"పాముకాటు మందు ఫ్రిజ్‌లో ఉందక్కా," అంది చెల్లెలు ఫోన్లో. "నా దగ్గరుంటే ఏం లాభం? పాములన్నీ లోయ అవతలున్నాయి. పోయినేడు వానల్లో ఒకాయన్ని చుట్టూ తిప్పి ఐదు గంటలు మంచం మీద మోసుకొచ్చారు. బతికాడనుకో. కాలు తీసెయ్యాల్సొచ్చింది. డ్రోను ఉంటే పది నిమిషాల పని."

"పంపిస్తానే. డ్రోన్లు నా ఎదురుగానే ఉన్నాయి."

"నువ్వు పంపిస్తావులే. మీవాళ్ళు పంపనిస్తారా అని."

"ఇందులో పంపనివ్వకపోవడానికి ఏముందే? పెట్టే కదా!"

ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషి అలా అనడం ఆశ్చర్యమే.

*

సోమవారం నాడు 'లిథియం బ్యాటరీ సహిత డ్రోన్ల రవాణా పేటికల ఎంపిక ఉన్నతస్థాయి సంఘం' కొలువుదీరింది. సభ్యులు పదకొండు మంది. అందరూ మేధావులే. ఒక్కరు కూడా జీవితంలో పెట్టెకి టేపు అంటించి ఎరగరు, అంచేత ఎవరికీ ముందస్తు అభిప్రాయాలు లేవు. అధ్యక్షులు మా డైరెక్టరుగారు. మంచి మనిషి, పురుగుకి కూడా ఆర్డరు లేకుండా హాని చెయ్యడు. మంత్రిగారి తరఫున పీఏగారు వచ్చారు. పెట్టెలక్కని 'ప్రత్యేక ఆహ్వానితురాలు' అన్నారు. అంటే తలుపు పక్క కుర్చీ. టీ ట్రే వచ్చినప్పుడల్లా లేచి దారివ్వాలి. బరువులు తూచడానికి కాటాని రప్పించారు గనక కాటాతో పాటు నేనూ ఆ మూలే నిలబడ్డాను.

పెట్టెలక్క చంకలో ఒక గోధుమరంగు అట్టపెట్టె పెట్టుకొచ్చింది. బల్ల మీద పెట్టి రెండు నిమిషాల్లో విప్పి చూపించింది.

"రెండు మడతల గట్టి అట్టండి. లోపల డ్రోను ఆకారానికే కోసిన ఫోము. కుదిపినా కదలదు. బ్యాటరీలు ఊడదీసి, మొనలకి టేపు వేసి, విడివిడి సంచుల్లో ఈ అరలో పెడతాం. ఛార్జి ముప్పై శాతం దాటకూడదు. పైన బ్యాటరీ స్టిక్కరు. ఇదిగో, ఈ మూల గుండ్రంలో రెండు చిన్న అక్షరాలున్నాయి చూశారా? ఇదేనండి ఐక్యరాజ్యసమితి ముద్ర. ఇది ఉందంటే పెట్టెని తయారుచేసిన చోటే పడేసి, బరువులెత్తి చూశారని అర్థం. మళ్ళీ మనం ఏ పరీక్షా చెయ్యక్కర్లేదు. ఇలాంటివి గోదాములో ముప్పై ఉన్నాయి. రేపు ప్యాక్ చేస్తే ఎల్లుండి విమానాశ్రయంలో ఉంటాయి."

సమస్య రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఉన్నతస్థాయి సంఘానికి ఇంతకంటే అవమానం లేదు.

"బాగానే ఉందమ్మా," అన్నారు డైరెక్టరుగారు కాగితాలు తిరగేస్తూ. "ఇది అజెండాలో ఎక్కడుంది?"

"అజెండాలో లేదండి. పెట్టెలో ఉంది."

"అజెండాలో లేనివన్నీ 'ఇతర విషయాలు' కింద రాస్తాం. ఇరవై ఏడో అంశం. వరసలో వస్తుంది."

పీఏగారు పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "ఫోటో ఏది?"

"ఏ ఫోటో అండీ?"

గదిలో పదకొండు తలలు పెట్టెలక్క వైపు జాలిగా తిరిగాయి.

అలా మొదటి వారం ఫోటోకి సరిపోయింది. పెట్టె నాలుగు పక్కలా మంత్రిగారి నిలువెత్తు చిరునవ్వు, మీద తళతళలాడే ప్లాస్టిక్ పొర. కొత్తగా అచ్చొత్తించిన నమూనా రాగానే పెట్టెలక్క దాన్ని రెండు చేతులా ఎత్తి చూసి, చటుక్కున దింపేసింది.

"సబ్బుబిళ్ళలా ఉందండీ. చేతుల్లో నిలవదు. మోసేవాళ్ళకి జారిపోతుంది."

"మంత్రిగారు అంత తేలిగ్గా జారిపోయే మనిషి కాదమ్మా," అన్నారు పీఏగారు.

"స్టిక్కరు ఎక్కడ వెయ్యమంటారు?"

స్టిక్కరు చూసి పీఏగారి ముఖం పాలిపోయింది. మూల మీద నిలబడ్డ చదరం, పైన నల్లచారలు, కింద బ్యాటరీల గుత్తి, వాటిలో ఒకదాన్నుంచి లేస్తున్న మంట.

"ఇదా? ఇది మంత్రిగారి ముఖం పక్కనా? పైన నల్లచారలూ, కింద మంటలూ! దీన్ని ప్రతిపక్షంవాళ్ళు గీశారా?"

"ఎవరు గీశారో నాకు తెలీదండీ. ప్రపంచమంతా ఇదే అంటిస్తారు. ఇది కనపడకపోతే విమానం ఎక్కనివ్వరు."

"పోనీ ఆ మంట కొంచెం తగ్గించి, సూర్యోదయంలా మార్చొచ్చుగా? అభివృద్ధికి గుర్తుగా ఉంటుంది."

"అది చూసి విమానంవాళ్ళు లోపల సూర్యుడున్నాడనుకుంటారండి. బ్యాటరీ ఉందని ఎలా తెలుస్తుంది?"

మంటా సూర్యోదయమా అనే విషయం మీద ఓటింగు జరిగింది. ఆరుగురు సూర్యోదయానికి, నలుగురు మంటకి. డైరెక్టరుగారు తటస్థంగా ఉండి రెండు వైపులా అభినందనలు అందుకున్నారు. తర్వాత ముప్పై శాతం ఛార్జి సంగతి వచ్చింది. వంద శాతం అభివృద్ధి అని ఊరూరా గోడల మీద రాయించిన ప్రభుత్వం ముప్పై శాతంతో ఎలా ఎగురుతుందని ఒక సభ్యుడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "నిండుగా ఉన్న బ్యాటరీకి దెబ్బ తగిలితే ఎక్కువ మండుతుందండీ, అందుకే తక్కువ ఉంచమంటారు," అని పెట్టెలక్క నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ అది ఇరవై ఏడో అంశంలోకి వెళ్ళింది.

గురువారం విమానం వచ్చింది, ఉప్పూ పప్పూ వేసుకుని వెళ్ళిపోయింది.

"ఇంకా రెండున్నాయే," అంది పెట్టెలక్క ఫోన్లో.

"ఏంటీ, డ్రోన్లా?"

"గురువారాలు."

*

రెండో వారం అసలు చిక్కు వచ్చింది. విమానం సరుకుల తనిఖీ అధికారికి కబురు పంపితే ఆయన ఒకటే వాక్యం రాసి పంపాడు. కొత్త పెట్టెకి ముద్ర లేదు, కాబట్టి నాలుగడుగుల ఎత్తు నుంచి గట్టినేల మీద పడేసి చూడాలి, చిరక్కూడదు, పగలకూడదు.

దీన్ని డ్రాప్ టెస్టు అంటారు. పత్రికలవాళ్ళ ఎదుట, పండగలా చేద్దామన్నారు పీఏగారు. ఆహ్వాన పత్రం మీద అచ్చ తెలుగులో ఉండాలన్నారు. అక్కడే వచ్చింది తంటా.

"పతన పరీక్ష," అన్నారు డైరెక్టరుగారు. ఆయనకి భాషాభిమానం జాస్తి.

పీఏగారు పెన్ను మూత పెట్టేశారు. "పైన మంత్రిగారి ఫోటో. దాని కింద 'పతనం'. సార్, మీకు రిటైరయ్యాక పెన్షన్ అక్కర్లేదా?"

"పోనీ... పడేసే పరీక్ష?"

"ఎవరు ఎవర్ని పడేస్తున్నారు? వచ్చే ఎన్నికలకి ఇంకా ఏడాదుంది!"

"దింపే పరీక్ష."

"మొన్ననేగా పక్కశాఖ మంత్రిని దింపారు. ఆయనింకా మంచం దిగలేదు."

"జార్చే పరీక్ష."

"అసెంబ్లీలో నోరు జారిన గొడవే ఇంకా తేలలేదు."

"వదిలే పరీక్ష?"

"'మంత్రిని వదిలేశారు' అని పేపరువాడు పెద్దక్షరాల్లో వేస్తాడు. పార్టీయా, భార్యా అని జనం అడుగుతారు."

ఒక సభ్యుడు భయపడుతూ చెయ్యెత్తాడు. "కింద పెట్టే పరీక్ష అంటే?"

"'పెట్టడం'లో తప్పులేదండీ. 'కింద'లో ఉంది."

ఇలా రెండు రోజులు. తెలుగులో కిందికి వెళ్ళే మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆ బల్ల మీదికి వచ్చి, పరీక్షకి నిలబడి, తప్పి వెళ్ళిపోయాయి. పైకి వెళ్ళే మాటలు బోలెడున్నాయి గానీ ఎక్కడా పెట్టె పైకి పడదు. బుధవారం మధ్యాహ్నం డైరెక్టరుగారు నిఘంటువు మూసేసి, కళ్ళు కూడా మూసేసుకున్నారు.

తలుపు పక్క కుర్చీలో పెట్టెలక్కకి ఒళ్ళు మండిపోతోంది. మర్నాడు గురువారం. పొద్దున చెల్లెలు ఆకాశం ఫోటో తీసి పంపింది, కొండ వెనక మబ్బు ఒకటి నల్లగా తొంగిచూస్తోంది. టీ ట్రే మళ్ళీ వచ్చింది. ఆవిడ ఆ రోజు తొమ్మిదోసారి లేచి దారిచ్చి, కూర్చోకుండా అలాగే నిలబడి, కడుపు మంటతో అనేసింది.

"అయ్యా, ఎందుకొచ్చిన బాధ! పెట్టెని అసలు కదపకండి. అది ఉన్నచోటే మహారాజులా ఉండనివ్వండి. నేలనే పైకెత్తి దానికేసి కొట్టండి, సరిపోతుంది!"

ఉద్యోగం పోయిందనుకుంది పెట్టెలక్క. కూర్చుందామని కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచింది.

అప్పుడు వినిపించింది పెన్ను చప్పుడు. డైరెక్టరుగారు రాస్తున్నారు.

"అద్భుతం," అన్నారు పీఏగారు మెల్లగా. "మంత్రిగారు కదలరు. నేలే వస్తుంది. అమ్మా, మీలో ఇంత రాజకీయం ఉందని నాకు తెలీదు!"

"అయ్యా, నేనేదో వెటకారంగా..."

"వెటకారం ఇరవై ఏడో అంశం. ఇది రెండో అంశం, ఏకగ్రీవంగా ఆమోదం!"

రెండో గురువారం విమానం సబ్బులూ, దుప్పట్లూ వేసుకుని వెళ్ళింది. ఆ రాత్రి చెల్లెలు ఫోన్లో సంగతంతా వింది. లైనులో కిసకిసమని చప్పుడు.

"ఏడుస్తున్నావా ఏంటే?"

"నవ్వాపుకోలేక చస్తున్నానక్కా. చిన్నప్పుడు నాన్న అనేవాడు గుర్తుందా, నీ నోట్లో మాట నిలవదని!"

"నవ్వుకో. ఇంకొక్కటే ఉంది."

నవ్వు ఆగిపోయింది.

*

నేలని ఎత్తడం మాటలా? గోదాము వడ్రంగి, తలపండిన మనిషి, అరవై పడవలకి పలకలు బిగించినవాడు, ఆర్డరు కాగితం మూడుసార్లు చదివించుకున్నాడు.

"నేల అంటే ఏ నేలండీ?"

"నాలుగడుగుల మేర చాలు," అన్నారు డైరెక్టరుగారు.

"మిగతా నేల రాదా?"

"నిధులు చాలవు."

సోమవారానికల్లా గోదాము ముందు వాకిట్లో గట్టి చెక్క చట్రం మీద సిమెంటు పోసి, నున్నగా మెత్తి, నాలుగు మూలలా నాలుగు జాకీలు పెట్టాడు. పైన దూలానికి నాలుగు తాళ్ళతో మంత్రిగారి పెట్టె వేలాడుతోంది. ఎటు చూసినా చిరునవ్వే. ఆహ్వాన పత్రం మీద 'నేల కలయిక పరీక్ష' అని బంగారు అక్షరాలు. పత్రికలవాళ్ళు కెమెరాలు సవరించుకున్నారు. మంత్రిగారు చెయ్యూపారు. నలుగురు మనుషులు జాకీలు తిప్పడం మొదలుపెట్టారు.

పావుగంట పట్టింది. నేల అంగుళం అంగుళం లేచి, లేచి, చివరికి పెట్టె అడుగుని కొత్తపెళ్ళికూతురు బుగ్గని తాకినట్టు తాకి ఆగింది. చప్పుడు కూడా కాలేదు. పీఏగారు భూతద్దంతో చూశారు. పెట్టెకి గీత లేదు. నేలకి మాత్రం ఒక మూల చిన్న పగులు వచ్చింది.

'మంత్రిగారి పెట్టె ముందు బీటలువారిన నేల' అని మర్నాడు పేపర్లో పడింది. నాలుగు కాలాలు.

కాటా దగ్గర నిలబడ్డ పెట్టెలక్క ఆ పేపరు మడిచి, దానితో విసురుకుంటూ ఉండగా తనిఖీ అధికారి వచ్చాడు. మాట పొదుపు మనిషి.

"పడేశారా?"

"లేదండి," అన్నారు డైరెక్టరుగారు ఉత్సాహంగా. "నేలని లేపాం."

తనిఖీ అధికారి నేల వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు, డైరెక్టరుగారి వైపు చూశాడు.

"పడెయ్యందే విమానం ఎక్కదు," అని వెళ్ళిపోయాడు.

డైరెక్టరుగారు అక్కడే పగిలిన నేల మీద కూలబడ్డారు. పెట్టెలక్క వెళ్ళి పక్కన కూర్చుంది.

"సార్, ఎల్లుండే ఆఖరి గురువారం."

"తెలుసమ్మా."

"నా గోధుమరంగు పెట్టెలు ముప్పై అలాగే ఉన్నాయి."

"ఇరవై ఏడో అంశం ఇంకా రాలేదమ్మా. పదకొండులో ఉన్నాం."

"మంత్రిగారి పెట్టెలు మాత్రం మీదికి కనపడాలి, అంతే కదా?"

డైరెక్టరుగారు ఆవిడ ముఖంలోకి చూశారు. తర్వాత చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా మళ్ళీ జేబులోనే పెట్టుకున్నారు.

"ఇవి లేకపోతే నాకు ఏమీ కనపడదమ్మా," అన్నారు. "రేపంతా ఇలాగే ఉంటాను."

ఆయన సర్వీసులో చేసిన ధైర్యమైన పని అదొక్కటే.

బుధవారం పొద్దున్నే పెట్టెలక్క పన్నెండు డ్రోన్లనీ పద్ధతిగా తన గోధుమరంగు పెట్టెల్లో సర్దింది. బ్యాటరీలు ఊడదీసి, మొనలకి టేపు వేసి, ఛార్జి ఒక్కొక్కటీ చూసి, ముప్పై దాటినవాటికి ఫ్యాను తగిలించి దింపింది. మంట స్టిక్కరు మంటగానే అంటించింది. ఆపైన మంత్రిగారి తళతళ పెట్టెలని కత్తెరతో విప్పి, బడిపిల్లలు పుస్తకాలకి అట్టలు వేసుకున్నట్టు, గోధుమరంగు పెట్టెల చుట్టూ చుట్టి రెండంగుళాల టేపు ముక్కలతో నిలబెట్టింది. సభ అయిపోగానే విమానం దగ్గర వాటిని ఊడబెరికి, అసలు పెట్టెలు తనిఖీ అధికారికి చూపించాలని ఎత్తు. నేను తూచాను. పెట్టెకి ఎనిమిది కిలోలు. చిరునవ్వుకి విడిగా ఏమీ బరువు రాలేదు.

"పీఏగారు కనిపెడితేనో?" అన్నాను.

"ఇంటికి పంపిస్తారు. మా ఆయనకి అక్క ఇంట్లోనే ఉంటుంది, సంతోషిస్తాడు," అంది. కానీ చేతిలోని టేపు ముక్కని రెండుసార్లు కొలిచి కత్తిరించింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ దేన్నీ రెండోసారి కొలవడం నేను చూడలేదు.

*

గురువారం తొమ్మిదికి విమానాశ్రయంలో సాగనంపే సభ. బీట వారిన ఆ నేలని చారిత్రాత్మకమని లారీ మీద తెచ్చి, అక్కడ వేదికగా వేశారు. పది గంటలకి విమానం లేవాలి. తొమ్మిదీ నలభైకి మంత్రిగారు వచ్చారు. కొండల మీద మబ్బు సగం ఆకాశం మింగేసింది. పైలెట్ తల బయటికి పెట్టి పైకి చూస్తున్నాడు, చేతి గడియారం చూస్తున్నాడు.

మంత్రిగారు ఉపన్యాసం అందుకున్నారు. పెట్టె గురించి, ప్రపంచం గురించి, ఐక్యరాజ్యసమితి గురించి. ఫోటోగ్రాఫరు ఒకడు అరిచాడు, "సార్, పెట్టె ఒకసారి ఎత్తి చూపించండి!"

"అయ్యా, వద్దు!" అంది పెట్టెలక్క కింది నుంచి. మైకు హోరులో ఎవరికీ వినపడలేదు.

మంత్రిగారు వంగి, పెట్టెని రెండు చేతులా ఎత్తి, గుండెల దాకా తెచ్చి, కెమెరాల వైపు నవ్వారు. చేతుల్లో పెట్టె, పెట్టె మీద ఆయన, రెండు నవ్వులూ పక్కపక్కన. చెమట పట్టిన అరచేతులు, తళతళలాడే ప్లాస్టిక్ పొర. ఒక్క క్షణం ఆయన తన చిరునవ్వుని తానే గట్టిగా పట్టుకోవాలని చూశారు. అది నిలవలేదు.

ధడేలుమంది.

మొన్న సోమవారం పావుగంట కష్టపడి పెట్టె దగ్గరికి వెళ్ళిన నేల, ఈసారి పెట్టే తనంతట తాను వచ్చేసరికి, ఉన్న బీటని మూడు బీటలు చేసుకుంది. మంత్రిగారి ముఖం అడ్డంగా చిరిగి రెండు పక్కలకీ ఊడిపోయింది. మధ్యలోంచి గోధుమరంగు పెట్టె బయటపడింది. మూల కూడా నలగలేదు.

పీఏగారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది, ఆయన వెతుకుతున్న మాట తెలుగులో లేదు. పెట్టెలక్క కళ్ళు మూసుకుంది.

తనిఖీ అధికారి వేదికెక్కాడు. జేబులోంచి కొలత టేపు తీసి మంత్రిగారి ఛాతీ దగ్గర్నుంచి నేల దాకా కొలిచాడు. "నాలుగడుగుల రెండంగుళాలు," అన్నాడు. పెట్టె తిప్పి చూశాడు. మంట స్టిక్కరు చూశాడు. మూల గుండ్రంలో రెండక్షరాలు చూసి తల పైకెత్తాడు.

"దీనికి ముద్ర ఉంది!"

"ఉందండి," అంది పెట్టెలక్క కళ్ళు తెరిచి.

"మరి ఎందుకు పడేశారు?"

తనిఖీ అధికారి పన్నెండు కాగితాల మీద వరసగా సంతకం పెట్టేశాడు. పెట్టెలక్క మిగతా పదకొండు తొడుగులూ రెండు చేతులా బరబరా లాగి పారేసింది. మోసేవాళ్ళు పరుగెత్తారు. మంత్రిగారు మాత్రం కదలకుండా నిలబడి, కాళ్ళ దగ్గర పడివున్న తన ముఖం వైపు చూస్తున్నారు. తర్వాత వేదిక దిగి పెట్టెలక్క దగ్గరికి వచ్చి, మైకుకి అందకుండా మెల్లగా అన్నారు. "అమ్మా, మీరు మొదటి రోజే చెప్పారట. మాకు వినపడలేదు. తప్పు మాదే."

పది దాటి నాలుగు నిమిషాలకి విమానం లేచింది. పదిన్నరకి మొదటి చినుకు పడింది.

మర్నాటి పేపరుకి వార్త పీఏగారే రాసిచ్చారు. 'పేటికను స్వహస్తాలతో భూమాతకు పరిచయం చేసిన మంత్రి'.

పదిహేను రోజులకి చెల్లెలు ఫోన్ చేసింది. వాన హోరులో మాట సరిగ్గా వినపడ్డం లేదు.

"నిన్న లోయ అవతల కలుపు తీస్తుంటే ఒకావిణ్ణి పాము కరిచింది. తొమ్మిది నిమిషాల్లో మందు వెళ్ళింది."

"ఎలా ఉందే?"

"కాలుందక్కా," అంది చెల్లెలు. "రెండూ ఉన్నాయి."

ఆ రోజు ఆర్డరు పన్నెండు పెట్టెలకైతే పెట్టెలక్క పదమూడు కట్టింది. లెక్క తప్పడం అదే మొదటిసారి.

ఉన్నతస్థాయి సంఘం చివరి సమావేశంలో ఇరవై ఏడో అంశం రానే వచ్చింది. డైరెక్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు: 'ముద్ర ఉన్న పెట్టెకి పరీక్ష అవసరం లేదని ప్యాకింగ్ సెక్షన్ తెలియజేసింది.' సభ్యులు చాలాసేపు ఆలోచించారు. చాలా లోతైన విషయమని అందరూ ఒప్పుకున్నారు. పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు. పెట్టెలక్కని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. అదే కుర్చీ.

ఇక నా కాటా సంగతి. అది వంద గ్రాములు ఎక్కువ చూపించేదని పెట్టెలక్కకి మొదట్నుంచీ తెలుసు. నేను తూచిన ప్రతిసారీ అంత తీసేసి రాసుకునేది. ఈ కథలోనూ ఆ వంద గ్రాములు పడ్డాయి. నేలని లేపిన చోట అనుకుంటారేమో, కాదు, అది ఉన్నదున్నట్టే. ఆ బీటల నేలని మళ్ళీ లారీ మీద తెచ్చి మా వాకిట్లోనే పడేశారు, వచ్చి చూసుకోండి. మంత్రిగారు వేదిక దిగివచ్చి తప్పు మాదే అన్నారని రాశాను చూడండి, అదే నేను వేసింది. ఆయన నిజంగా దిగారు. నిజంగా ఆవిడ దగ్గరికే వచ్చారు. వచ్చి, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ ఉందా అని అడిగారు.